గెట్టు దాటని దయ్యం: తాతల భూమి మీద నవలకు వివరాలు కావాలె

ప్రశ్న: తంగేడుపువ్వు

నవల సగం దాకా వచ్చి ఆగింది. అమెరికా దక్షిణాది రచయితలు రాసే తీరు దయ్యాల సస్పెన్సు అనుకోండి. అక్కడ పత్తి తోటలు, కూలిన బంగళా, బానిసలకు జరిగిన అన్యాయం, అది ఆ మట్టిని పట్టుకొని తరాల దాకా వదలకపోవడం. ఆ బంగళాను తెచ్చి ఇక్కడ దించాలని లేదు. మన చెలకల్లోంచే అలాంటి భయం పుట్టాలి.

నర్సంపేట, పాకాల నడుమ ఒక ఊరు, పేరు కల్పితం. ఇద్దరు ఆడపిల్లలు, బడి నాటి సోపతి. ఒకామె హన్మకొండలో ఉంటుంది, తండ్రి చనిపోయాడు, 7 ఎకరాల 12 గుంటలు ఆమెకూ తమ్ముడికీ రావాలి. రెండో ఆమె కుటుంబం ఆ భూమినే ఇప్పుడు కౌలుకు చేస్తోంది. ఆమె తాత కూడా 1950ల్లో అక్కడే దున్నాడు, ఒక రోజు నుంచి కనబడలేదు. రాత్రిళ్లు చేనులో ఎవరో గెట్టు వెంబడి నడుస్తుంటారు. కథాకాలం 2018 ఎండాకాలం నుంచి బతుకమ్మ దాకా.

ఆ తాత పేరు ఏ కాగితంలో దొరకాలి, దొంగ కాగితాన్ని చదివేవాళ్లు ఎట్లా పట్టుకోవాలి? ఊరి నమ్మకాల్లో ఎక్కడ తప్పు రాసే ప్రమాదముంది? ఇద్దరి సోపతి ఏ విషయం దగ్గర తెగితే నమ్మేటట్టు ఉంటుంది? మూడో అధ్యాయం నమూనా కూడా జత చేశాను, అందులో కంచె లోపల కొలిస్తే ‘6-42’ (ఎకరాలు-గుంటలు) వస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పహాణీ

తంగేడుపువ్వు గారూ, ముందు ఆ తాత ఉత్త కౌలుదారా, రక్షిత కౌలుదారా తేల్చుకోండి. నవలంతా దీని మీద తిరుగుతుంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు అయితే ఆ హక్కు వారసులకు దిగుతుంది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద యాజమాన్య సర్టిఫికెట్ వచ్చే వీలు కూడా ఉంది. ఉత్త కౌలుదారు అయితే అతని మనవరాలికి అడగడానికి ఏమీ ఉండదు, దయ్యానికి కూడా కోపం తప్ప పని ఉండదు.

తాత దున్నింది మొత్తం భూమి కాదు, తూర్పు పక్కనున్న 1 ఎకరం 20 గుంటల ముక్క అనుకోండి. సర్వే నంబరు ఒకటే, దాని కింది బై నంబర్లు (ఉప నంబర్లు) వేరు. పేరు మొదట దొరకాల్సింది ఖాస్రా పహాణీలో. అది 1954-55 నాటి భూమి, సాగు లెక్కల రికార్డు, తెలంగాణలో భూమి తగాదా ఏదైనా చివరికి అక్కడికే పోతుంది. అందులో పట్టాదారు ఒకరు, సాగులో ఉన్నది ఒకరు అని వేర్వేరుగా కనబడతారు. అంతకంటే పాత భూమి రికార్డు సేత్వార్, ఉర్దూలో ఉంటుంది, చదివి చెప్పే ముసలాయన పాత్ర మీకు ఊరికే దొరికినట్టే. ఆ తర్వాతి పహాణీలు ఏడాదికొకటి తిప్పుకుంటూ పోతే, ఒక ఏడాది అనుభవదారు (సాగులో ఉన్నవాడు) గడిలో తాత పేరు మాయమవుతుంది. మీ నవలలో మొదటి దయ్యం నా లెక్కన ఆ ఖాళీ గడి.

పేరు ఎట్లా పోయింది? రక్షిత కౌలుదారు భూమి వదులుకోవాలంటే రాతపూర్వకంగా ఇచ్చి, తహసీల్దారు ముందర ఒప్పుకోవాలి. కాబట్టి ఒక రాజీనామా కాగితం, కింద వేలిముద్ర. కనబడకుండా పోయిన తేదీకి ఆ కాగితం తేదీ తర్వాతిదై ఉండాలి, చాలు.

దొంగ కాగితాన్ని పట్టించే గుర్తులు మీకు బోలెడు. 1953 తేదీ వేసి నయా పైసల్లో లెక్క రాస్తే దొంగదే, దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అప్పటి లెక్క నిజాం నాణెమైన హాలీ సిక్కాలో గానీ బ్రిటిష్ ఇండియా రూపాయి అయిన కల్దార్‌లో గానీ ఉండాలి, 7 హాలీ రూపాయలకు 6 కల్దార్. 1960ల కాగితంలో ‘మండలం’ అని ఉన్నా దొరికిపోయినట్టే, మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకా. ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) లెక్క కూడా జాగ్రత్త. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590 తీస్తే ఫసలీ అని అందరూ అంటారు గానీ జనవరి నుంచి జూన్ దాకా 591 తీయాలి. 1955 మార్చి అంటే 1364 ఫసలీ, 1365 కాదు. నాకైతే నయా పైసల కంటే ఇదే నచ్చుతుంది. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ ఈ తప్పు చేయడు, ఆ తర్వాతెప్పుడో కూర్చొని రాసినవాడే చేస్తాడు. పట్వారీలు 1984లో పోయారు, కాబట్టి దొంగకాగితం ఆ తర్వాతి తరానిది కావచ్చు. అంటే హన్మకొండ పిల్ల తాతది కాదు, తండ్రిది. అది ఇంకా నొప్పి.

ఇక గెట్టు. మన దగ్గర సర్వే గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న జాగ ఒక గుంట, 1,089 చదరపు అడుగులు. తిప్పన్ అనే పాత కొలతల చిత్తులో అంకెలన్నీ ఈ లెక్కలోనే ఉంటాయి. గెట్టు 20 గొలుసుల పొడవు, అంటే 660 అడుగులు అనుకోండి. హద్దురాళ్లను 8 అణాలు, అంటే 16 అడుగుల ఆరు అంగుళాలు తూర్పుకు జరిపితే సరిగ్గా 10 గుంటలు మింగినట్టు. పెద్ద నేరంలా కనబడదు. దున్నేటప్పుడు ఏడాదికి రెండు సాళ్లు అటు జరుపుకుంటూ పోతే ఊరికి కూడా తెలియదు.

ఒక సలహా, తీసుకుంటే తీసుకోండి. దయ్యం ఇప్పటి కంచె వెంట నడవొద్దు. కంచెకు 16 అడుగులు లోపల, పత్తి సాళ్ల నడుమ, ఏమీ లేని చోట సీదా గీత మీద నడవాలి. చివర ఏమీ లేకుండానే మలగాలి. ఎందుకని ఎవరికీ అర్థం కావొద్దు. సర్వేయర్ వచ్చి మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి నుంచి తిప్పన్ ప్రకారం కొలిచి జెండా కర్రలు పాతినప్పుడు, అవి సరిగ్గా ఆ నడక మీద పడాలి.

జవాబు: మంచె కింద

పైన చెప్పినవి బాగున్నయి. 2018 గురించి నాలుగు మాటలు, లేకపోతే ఊరోళ్లు మొదటి అధ్యాయంలోనే పుస్తకం మూస్తరు.

రాత్రి మూడింటికి కరెంటు వచ్చిందని మోటరు పెట్టనీకి పోయే సీను రాయకండి. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచే ఉంది. ఆ సీను కావాలంటే కథ 2014కు జరపాలె. 2018ల రాత్రి చేనుకాడ ఉండనీకి కారణం అడవిపందులు. పత్తి అయితే ఎవరూ కావలి ఉండరు, మక్క పెట్టించండి. కంకి పాలు పట్టిన కాడికెల్లి మంచె మీద కావలి తప్పదు, అది ఆగస్టు చివర, సెప్టెంబరు. పహాణీ గారు పత్తి సాళ్లన్నరు గని మక్కలనే నడిపించుండ్రి. మనిషెత్తు పంట, గాలి లేకున్నా ఆకు గరగరమంటది, నాలుగు అడుగుల అవతల ఉన్నది కనబడదు.

జిల్లా పేరు వరంగల్ రూరల్ అని ఉండాలె. 2016 అక్టోబర్‌కెల్లి 2021 దాకా అదే పేరు. ధరణి పోర్టల్ ఫోన్‌ల చూసిందని రాయకండి, అది 2020 అక్టోబర్ 29న వచ్చింది. అప్పటికి ఊర్లె వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) ఉన్నడు, ఆయన పాత్ర వాడుకోవచ్చు.

ఎముక బయటపడాల్నంటే బాయి తవ్వించే పనిలేదు. 2015కెల్లి మిషన్ కాకతీయల చెరువుల పూడిక తీసి ట్రాక్టర్లతోని చెలకలకు పోసుకున్నరు. శిఖంల (చెరువు లోపలి నేలల) పూడ్చింది తనంత తాను తాత చేనుకు వచ్చి పడుతది. ఏప్రిల్, మే నెలలల చెరువు ఎండినప్పుడే ఈ పని. మిర్గం దాటితే ట్రాక్టరు దిగబడ్తది.

జవాబు: జమిడిక

అక్కా, నమ్మకాల సంగతి నేను చెప్త.

మొదటిది, అమ్మవారు పూనుడు వేరు, గాలి సోకుడు వేరు. సినిమాలల్ల రెండూ కలిపి పారేస్తరు. శివసత్తికి శిగం వచ్చిందంటే వచ్చింది దేవత. ఆమె ముందట ఊరంత చేతులు కట్టుకొని నిలబడ్తది, ‘ఎవరివమ్మా, ఏం కావాలె’ అని అడుగుతరు, ఆమె ‘నా బోనమేది, నన్ను మరిచిన్రు’ అంటది. గాలి సోకినోళ్ల కాడ ఆ మర్యాద ఉండది, బెదిరిచ్చుడే ఉంటది. మీ కథల రెండో పిల్ల ఒంటి మీదికి తాత వస్తే ఊరు దాన్ని ఏమనుకుంటది? దేవతనా, గాలినా? ఊరు రెండు ముక్కలైతే అదే ఒక అధ్యాయం.

రెండోది, చెరువుకట్ట మీద ఉండేది కట్టమైసమ్మ, ఊరి నడిమిట్ల బొడ్రాయి, పోచమ్మ ఊరి అంచుకు. వీళ్లను అటుఇటు చెయ్యకు. కట్ట తెగకుండ మనిషిని బలిచ్చిన్రనే కథ శానా చెరువులకు చెప్తరు. అది వాడుకుంటే ఊరి పేరు మార్చు, కాని కట్ట, తూము, మత్తడి ఎక్కడుంటయో పటం గీసుకొని రాయి. మత్తడి దుంకుతుంటే కట్టకు ఆ కొసనున్నోళ్లకు ఈ కొస కేక ఇనబడది. సస్పెన్సుకు అక్కరకొస్తది.

జమిడిక వాయించేది బైండ్లోళ్లు, ఎల్లమ్మ కథ చెప్తరు. ఒగ్గోళ్లు వేరే, వాళ్లది మల్లన్న కథ, బీరప్ప కథ, పట్నాలేస్తరు. అయినవోలు మల్లన్న దగ్గర్నే ఉంది కదా, ఒకసారి సంక్రాంతి జాతర రోజులల్ల అక్కడి పట్నం చూసి రాయి. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి పోసి నేల మీద గీస్తరు, కథ అయినంక దాన్ని చెరిపేస్తరు. నేల మీద గీసుడు, చెరుపుడు. నీ గెట్టు కథకు ఇంతకంటే ఏం కావాలె?

ఒక మాట గట్టిగ చెప్త. మంత్రాలు చేసే ముసలామెనో, బైండ్లాయననో విలన్ చెయ్యకు. బాణామతి చేసిన్రని నిజం మనుషులను కొట్టి చంపిన ఊర్లున్నయి మన దిక్కు. నిందపడ్డోళ్లు ఎప్పుడూ దిక్కులేనోళ్లే. ఊర్లె ఆ మాట పుట్టించింది భూమి మింగినోడే అయితే అప్పుడు రాయి.

తారీఖు గురించి. కథ పెత్తరమాస నాడు ముగియ్యాలె. ఆ దినమే పెద్దలకు బియ్యం ఇస్తరు, ఆ దినమే ఎంగిలిపూల బతుకమ్మ. 2018ల బతుకమ్మ అక్టోబర్ 9న మొదలైంది. బియ్యం ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పాలె. పొద్దుగాల ఒక ఇంట్ల ఆ పేర్లు చదువుతరు, ఇంకో ఇంట్ల తాత సచ్చిండో బతికిండో తెల్వక ఎన్నడూ పేరు చదవలె. మాపటికి ఇద్దరూ ఒక్క బతుకమ్మ చుట్టే తిరగాలె. మరిచిపోకు, అది అమాస. ‘పండు వెన్నెల్లో బతుకమ్మలు’ అని రాస్తే నవ్వుతరు. సద్దుల నాడు అష్టమి చంద్రుడుంటడు, అదీ నడిరాత్రికి మునుగుతడు.

తంగేడుపువ్వు

పహాణీ గారూ, మంచె కింద అన్నా, జమిడిక తమ్మీ, శనార్థులు. తిప్పన్ గీత మీద నడక తీసుకుంటున్నాను. పత్తి తీసేసి మక్క పెట్టిస్తాను.

ఇంకొకటి. కథ చివర పాత గడీలో ధాన్యం పాతర ఉంది, నలభై ఏండ్లుగా మూత పడి ఉంది. రాజీనామా కాగితం అందులో ఉందని ఒకామె దిగుతుంది, లాంతరు ఊపినట్టు ఆరిపోతుంది, ఆమె పడిపోతుంది. ఇది దయ్యం పనిగా రాశాను. నమ్మేటట్టు ఉందా?

జవాబు: గిర్క

దయ్యం లేకున్నా అదే జరుగుతుంది. పాతరలో గింజ గాలి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున పేరుకొని కదలదు. వాడని బావుల్లో కూడా ఆకు, చెత్త కుళ్లి అదే పని. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం, 16 దగ్గర దీపం ఆరుతుంది. అందుకే పెద్దలు మూత తీసి చాలాసేపు వదిలి, తాడుకు దీపం కట్టి దించి, ఆరకుండా ఉంటేనే దిగేవారు. అది కూడా పూర్తి భరోసా కాదు. కుళ్లిన చోట పుట్టే గంధకపు వాయువును దీపం చూపించదు. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు.

నలభై ఏండ్ల పాతరలో గింజ ఉండదు, పిండయి పోయి ఉంటుంది. ఎలుక బొరియలు పడితే గాలి కూడా ఆడుతుంది. కాబట్టి మూత మీద గచ్చు చెక్కు చెదరలేదని, వానకాలం అడుగున నీళ్లు ఊరి చెత్త కుళ్లిందని ముందే ఒక చోట చెప్పి పెట్టండి. దీపం ఊపినట్టు ఆరదు. దిగేకొద్దీ చిన్నదై, మంట వత్తి నుంచి పైకి లేచినట్టయి పోతుంది. మనిషికి ముందు తలనొప్పి, ఆయాసం, కాళ్లు తేలిపోవడం. అరిచే ఓపిక ఉండదు. ఊరికే కూర్చున్నట్టు కూర్చుంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఇలాంటి చావుల్లో ఒక్కరు పోరు. మొదటి మనిషిని లాగుదామని దిగిన రెండో మనిషి, ఆ వెనక మూడో మనిషి. మీది సోపతి నవల కదా. పైన నిలబడ్డ పిల్ల దిగితే ఇద్దరూ పోతారు, దిగకపోతే కావాలని వదిలేసిందని ఊరంటుంది, ఎందుకంటే కింద ఉన్న కాగితం ఆమెకు నష్టం. ఆమె చేయగల సరైన పని ఒకటే: దిగకముందే నడుముకు తాడు కట్టించి ఉండడం, పైనుంచి లాగడం. ఒక్కతే లాగలేదు. గిర్క, దూలం ఉంటే లాగుతుంది. పాత గడీలో మోటబావి గిర్క దొరకడం వింత కాదు, కాని దాన్ని ఐదో అధ్యాయంలోనే చూపించాలి.

ఇంకో చిన్న విషయం మీ భయానికి. మూత లేని పాత బోరు గొట్టం ఊపిరి తీస్తుంది. వానకు ముందు గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గాలి బయటికి తోసుకొస్తుంది, గొట్టం సన్నదైతే ఈల వినబడుతుంది. వాన వెలిశాక తిరిగి లోపలికి పీలుస్తుంది. మక్కచేనులో రాత్రి అది వినిపిస్తే చాలు.

జవాబు: రెండో చిత్తు

గిర్క గారి లెక్కలు వాడుకోండి గానీ దయ్యాన్ని మొత్తం వాయువుతో విప్పేయకండి. మూడు వంతుల దాకా ప్రతి సంఘటనకూ రెండు కారణాలు నిలవాలి, ఒకటి నేలది, ఒకటి తాతది. చివరి వంతులో ఒక్కటి మాత్రం నేల కారణానికి లొంగకుండా మిగలాలి. నడక గీత తిప్పన్ మీద సరిగ్గా పడటం ఆ ఒక్కటి. దాన్ని ఎవరితోనూ వివరింపజేయకండి, సర్వేయర్‌తో అసలే వద్దు.

సోపతి తెగడం గురించి. 2018 మే 10 నుంచి రైతుబంధు చెక్కులు, కొత్త పాసుపుస్తకాలు పంచారు, ఎకరానికి 4,000. మీ 7 ఎకరాల 12 గుంటలకు 29,200 రూపాయలు. చెక్కు పట్టాదారుకే, కౌలుకు చేసేవాళ్లకు రూపాయి లేదు. విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) కాకపోతే చెక్కు మీద చనిపోయిన తండ్రి పేరే ఉంటుంది. హన్మకొండ నుంచి కారులో వచ్చి ఊళ్లో ఆ చెక్కు తీసుకుపోయిన రోజు, రెండో పిల్ల తల్లి ఎరువు బస్తా అప్పు గురించి షావుకారు దగ్గర నిలబడి ఉంటుంది. పెద్ద గొడవ అక్కర్లేదు. తర్వాత ఫోన్‌లో ఆ పిల్ల ‘ఏందే’ అనడం మానేసి ‘మీరెప్పుడొస్తరు’ అంటుంది. పాఠకుడికి దెబ్బ అక్కడ తగులుతుంది. పిలుపులు మొదటి నుంచీ పోగు చేసుకుంటూ రండి. రెండో పిల్ల నాయనమ్మ పదేండ్ల పిల్లను ‘దొరసాని’ అంటుంది, ఆమె మనవరాలు అదే పిల్లను ‘ఏమే’ అని జుట్టు గుంజుతుంది. ఇద్దరూ ఒకే వాకిట్లో ఉన్నప్పుడు ఈ రెండు పిలుపులూ వినబడాలి.

ఆడపిల్ల వాటా సంగతి ఒక పేజీలో తేల్చేయండి. 2005 సవరణతో ఆమెకు తమ్ముడితో సమాన హక్కు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఉంటే మాత్రం తిరగదోడలేరు, అది లేదని ఒక వాక్యం వేయండి.

అమెరికా దక్షిణాది నుంచి వస్తువులు తేకండి. అక్కడ సముద్రతీరపు గల్లా గీచీ వాళ్లు (ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంతతి) దయ్యాలు రాకుండా వరండా పైకప్పుకు లేత నీలం రంగు వేసేవారు. అది వాళ్ల నమ్మకం, వాళ్ల చరిత్ర. మన గడప మీద బూడిద గుమ్మడికాయ ఉంది. కాని ఒక పోలిక పనికొస్తుంది. అక్కడ నల్లజాతి కుటుంబాల భూములు వీలునామాలు లేక వారసులందరి ఉమ్మడి ఆస్తిగా ఉండిపోయి, ఎవరో ఒక వాటా కొని కోర్టు ద్వారా మొత్తం వేలం వేయించడంతో చాలా చేజారాయి. కాగితం లేని హక్కు అక్కడా ఇక్కడా ఒకే తీరు పోయింది. మీ కథకు చుట్టరికం అక్కడే, బంగళాలో కాదు.

జమిడిక

రెండో చిత్తు అన్నా, నడక ఒక్కటే మిగలాలంటే బతుకమ్మ కాడ తాత పేరు ఎవరు పలుకుతరు? అది కూడా మిగలాలె.

రెండో చిత్తు

పలకాల్సింది పట్టాదారు బిడ్డ. పొద్దున్న తన ఇంట్లో, తన ముత్తాత పేరు తర్వాత. పేరు పలికితే చాలు, అక్కడ దయ్యాన్ని చూపించొద్దు.

పహాణీ

ఆ పేరు ఆమెకు ఎట్లా తెలుస్తుందో చూసుకోండి, ఊళ్లో అందరూ అతన్ని ముద్దుపేరుతోనే పిలిచి ఉంటారు. తండ్రి పేరుతో సహా పూర్తి పేరు ఖాస్రా పహాణీ నకలులోనే ఉంటుంది. దానికి తహసీల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, పెత్తరమాసకు కనీసం నెల ముందు పెట్టించండి. ఇంకో దిద్దుబాటు: మూడో అధ్యాయం నమూనాలో కంచె లోపల కొలిస్తే ‘6-42’ వచ్చిందని రాశారు. ఎకరానికి 40 గుంటలే, 42 రాదు. పుస్తకంలో 7-12, నేల మీద 7-22. అవతల ముక్క పుస్తకంలో 1-20, నేల మీద 1-10.